సీలు వేసిన తెల్లకోటు

మెట్ల మీద ఉండగానే వినిపించింది. పైన ఒక ఆడగొంతు ఏదో చదువుతోంది. ప్రతి వాక్యం చివరా కాస్త ఆగుతోంది. ఆగిన చోటల్లా నాలుగైదు గొంతులు కలిసి "ఉంది" అంటున్నాయి.

"పన్ను కట్టిన రుజువు జతపరచవలెను."

"ఉంది."

"యజమాని ప్రతి పుటపై సంతకం చేయవలెను."

"ఉంది."

"ఇదివరకు ఇటువంటి పని చేసినట్లు రుజువు చూపవలెను. లేనిచో తిరస్కరించబడును."

ఈసారి "ఉంది" రాలేదు. ఆ తర్వాత ఒక మగగొంతు, బావి అడుగు నుంచి వచ్చినట్టు: "లేదండీ."

"లేదా? మరి ఇందాకటి నుంచి ఉంది ఉంది అని భజన చేస్తున్నారేంటి నాన్నా?"

గదంతా నవ్వింది. ఆ నవ్వు మెట్ల మీదుగా కిందికి దొర్లి నా కాళ్ళకు తగిలింది. అది దాటుకుని పైకి వెళ్ళాను.

జిరాక్స్ షాపు నెత్తిన ఉన్న ఒకే ఒక్క గది. కింద మెషిన్ తిరిగినప్పుడల్లా నేల గోరువెచ్చగా అవుతుంది. వేడి కాగితం వాసన కిటికీలోంచి వచ్చి, వెళ్ళడం మరిచిపోతుంది. ఒక బల్ల, ఒకదానితో ఒకటి పొత్తు కుదరని కుర్చీలు. వాటిమీద బెంచీలు చేసే వడ్రంగి, బట్టలుతికే షాపు ఆయన, బోర్డులు రాసే ఇద్దరన్నదమ్ములు. వాళ్ళ మధ్య నిలబడి, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలతో, చేతిలో కాగితాల కట్టతో ఆవిడ. యాభై దాటి ఉంటుంది. ఆవిడ కూర్చోవడం నేను చాలాకాలం చూడలేదు. చదివేటప్పుడు అసలే కూర్చోదు.

వీధిలో అందరూ ఆవిణ్ణి షరతులక్క అంటారు. ఆవిడ గురించి రాయాలని వచ్చానంటే నన్ను ఎగాదిగా చూసి, "రాసేదేముంది, చదివేదే ఉంది," అని మళ్ళీ కట్ట అందుకుంది.

ఆవిడ పని ఇదీ. ప్రభుత్వం మనలాగా షాపుకెళ్ళి కొనదు. బడికి బెంచీలు కావాలన్నా, ఆసుపత్రికి దుప్పట్లు కావాలన్నా, మేమిస్తాం అనేవాళ్ళందరినీ పిలుస్తుంది. పిలుపుతోపాటు షరతుల కట్ట ఒకటి విసురుతుంది. ఆ కట్ట బరువుకే చిన్న షాపులవాళ్ళు సగం దూరంలో ఆగిపోతారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని తమని తామే వెక్కిరించుకుని వెనక్కి తిరుగుతారు. అలా తిరిగేవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపడం షరతులక్క ఉద్యోగం. ఒక్కో షరతూ గట్టిగా చదువుతుంది. ఉందో లేదో వాళ్ళు గట్టిగా చెప్పాలి. కళ్ళతో చదివితే మనసు అబద్ధం చెబుతుందట, నోటితో చెప్పేటప్పుడు తడబడుతుందట.

ఈ గొంతు ఆవిడకి ఎక్కడిదో ఒక మధ్యాహ్నం వడ్రంగి చెప్పాడు. వయసులో ఉండగా ఆవిడ ఒక సర్కారు కొనుగోళ్ళ ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగి. టెండర్లు తెరిచే రోజున ఓడిపోయినవాళ్ళ పేర్లు పైకి చదవడం ఆవిడ పని. పేరు, కారణం, తిరస్కరించబడింది. పేరు, కారణం, తిరస్కరించబడింది.

"చావుకబురు చల్లగా చెప్పే కొలువు," అని ఆవిడే అందుకుంది. "ఒకరోజు చీపుర్లు కట్టే ఆయన పేరు చదివాను. ఆయన లేచి, చేతులు రెండూ జోడించి నాకు దణ్ణం పెట్టాడు. అంత పెద్ద గదిలో తన పేరు గట్టిగా చదివారు కదా, పని తనకే వచ్చిందనుకున్నాడు పాపం. పక్కవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియక. నేను కాగితం మడిచేశాను. మర్నాడు ఆ ఆఫీసు మెట్లెక్కలేదు."

చెప్పి కిటికీ బయటికి చూసింది. అక్కడేమీ లేదు, ఎదురు మేడ గోడ తప్ప. కానీ ఆ జోడించిన చేతులు ఇన్నేళ్ళూ ఆ గోడమీదే ఉన్నట్టు చూసింది.

ఆవిడ వదినకి ఒక కుట్టు షాపుంది. అన్న పోయాక వదినే నడుపుతోంది. పొడవాటి రేకుల షెడ్డు, అందులో రెండు వరసల మెషిన్లు, వాటి ముందు ఆడవాళ్ళు. చివర్న కత్తెరతో కటింగ్ మాస్టర్. ఆ షెడ్డుకి పని తగ్గిపోతోంది. తయారుగా ఉన్న బట్టలు కొనేవాళ్ళే అందరూ, కుట్టించుకునేవాళ్ళెవరు? అప్పటికే వెనక వరస మెషిన్లమీద గుడ్డలు కప్పేశారు. ఆ గుడ్డల మడతల్లో దుమ్ము చాలా తీరిగ్గా కూర్చుంది. సరిగ్గా అప్పుడే సర్కారు ఆసుపత్రి వార్డు సిబ్బందికి తెల్లకోట్లు కావాలని టెండరు పిలిచింది. అది వస్తే షెడ్డు నిలబడుతుంది. రాకపోతే తలుపులు మూయడమేనని వదిన చెప్పేసింది, గొంతులో తడి లేకుండా.

కాగితాలన్నీ అయ్యాక ఒక్కటే మిగిలింది, శాంపిల్ కోటు. ఒకటి ఆఫీసుకివ్వాలి. వాళ్ళకు నచ్చితే సీలు వేసి బీరువాలో పెడతారు. తర్వాత పంపే ప్రతి కోటూ దాన్ని పక్కన పెట్టుకుని చూస్తారు. అలాంటిదే ఇంకొకటి షాపులో ఉంచుకోవాలి, గుర్తుకి.

"మన కటింగ్ మాస్టర్‌తో కుట్టిస్తా," అంది వదిన ఉత్సాహంగా. "ఆయన కుడితే గుడ్డ కూడా మురిసిపోతుంది."

"వద్దు వదినా," అంది షరతులక్క. ఆ తర్వాత షెడ్డు మధ్యలోకి వెళ్ళి, రెండు వరసలకూ వినబడేలా, షరతు చదివినట్టు అడిగింది: "ఇక్కడ అందరికంటే చేతకానిదెవరు?"

మెషిన్లు ఆగిపోయాయి. నా చెవులు తప్పు విన్నాయేమో అనిపించింది.

అది ఆవిడ పద్ధతి. ఆవిడ దగ్గరికి వచ్చే ప్రతి షాపులోనూ ఇదే అడుగుతుందని తర్వాత తెలిసింది. శాంపిల్ ఎప్పుడూ అందరికంటే చేతకానివాళ్ళే చెయ్యాలి. అలసిపోయిన మధ్యాహ్నం వాళ్ళ చేతినుంచి ఎలా వస్తుందో అలాగే ఇవ్వాలి. అది నెగ్గితే ఇక భయం లేదు, మిగతా అందరి పనీ దానికి పైనే ఉంటుంది. ఇంకో షరతు కూడా ఉంది. యజమాని దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఒక దారం తెంపుతారు, ఒక మడత సర్దుతారు, చివరికి అది ఎవరి కోటూ కాకుండా పోతుంది.

"పెళ్ళిచూపులకి అక్కని చూపించి చెల్లెల్ని ఇవ్వలేం కదా," అంటుంది. షాపులవాళ్ళు నవ్వుతారు. ఆ షెడ్డులో మాత్రం ఎవరూ నవ్వలేదు.

జవాబు చూపులు చెప్పాయి. అవన్నీ కలిసి వెళ్ళి ముందు వరస మూలమీద వాలాయి. అక్కడున్నామెను అందరూ నిదానం అంటారు. పక్కవాళ్ళు రెండు కుట్టేలోపు ఆమె ఒకటి కూడా పూర్తి చెయ్యదు. కుట్టింది విప్పుతుంది, విప్పింది కుడుతుంది. వదిన అరిస్తే కంగారుపడి కుట్టు వంకర తిప్పేస్తుంది. పక్క మెషిన్‌లో ఆమె తోడికోడలు. అందరికంటే ముందు చూసింది ఆమే.

"ఇంకెవరుంటారు, మా అక్కే," అంది తోడికోడలు, ముద్దుగా అన్నట్టు.

నిదానం తలెత్తలేదు. సూది కింద గుడ్డని అరచేత్తో ఒకసారి నిమిరింది.

ఆ మధ్యాహ్నం అందరి ఎదుటా ఆమె ఒక కోటు కుట్టింది. మామూలుగా ఉంది. కాలర్ ఒకపక్క కాస్త బద్ధకంగా పడుకుంది. "బంగారం! ఇదే కావాలి నాకు," అని షరతులక్క దాన్ని గోడకి తగిలించింది. రెండోది మొదలుపెట్టేసరికి కరెంటు పోయింది. "ఇంటికి పట్టుకెళ్ళి కుట్టుకొస్తానమ్మా," అంది నిదానం. సరేనన్నారు. కొన్నాళ్ళకి కవర్లో పెట్టి, మూతి మడిచి తెచ్చింది. ముట్టుకోకూడదన్నారు కనుక వదిన ముట్టుకోలేదు. కవరు తెరవకుండానే పైన సంతకం పెట్టింది. షరతులక్క దాన్ని అలాగే ఆఫీసుకి చేర్చింది.

టెండరు వాళ్ళకే వచ్చింది. ఆ రోజు షరతులక్క నాతో, "చూశారా, మా చేతకానిది గెలిపించింది," అంది. వెనక వరస మెషిన్ల మీది గుడ్డలు తీసేశారు. షెడ్డంతా తెలుపు. మెషిన్ల మధ్య నడుస్తుంటే మబ్బు లోపలి గదుల్లో తిరుగుతున్నట్టుండేది. గోడమీది కోటుని చూస్తూ అందరూ దానిలాగే కుట్టారు. కుట్టినవి దానికంటే కాస్త బాగానే ఉన్నాయి. "ఇంక గుండెమీద చెయ్యేసుకుని నిద్రపో వదినా," అంది షరతులక్క.

మొదటి విడత కోట్లు తీసుకుని ఆసుపత్రి స్టోరుకి వెళ్ళిన రోజు నన్నూ రమ్మంది.

స్టోరు గదిలో మందుల వాసన, ఇనప బీరువాలు. స్టోరు ఆఫీసరు వయసు మళ్ళినవాడు, మాట మెత్తన. మా కట్టల్లోంచి ఒక కోటు తీసి బల్లమీద పరిచాడు. తర్వాత బీరువా తెరిచి సీలు వేసిన కవరు తెచ్చాడు. సంతకం చూపించాడు. "మీదేగా అమ్మా?" "మాదేనండీ," అంది వదిన నిటారుగా నిలబడి. ఆయన సీలు తెంపి, లోపలున్న కోటు తీసి మా కోటు పక్కన పరిచాడు.

వదిన ఒక అడుగు బల్ల దగ్గరికి జరిగింది.

నాకు కుట్టుపని తెలియదు. అయినా తెలిసిపోయింది. ఒకే గుడ్డ, ఒకే కొలత. కానీ ఒకటి బట్ట, ఇంకొకటి ఎవరో చాలాసేపు చెవిలో మెల్లగా మాట్లాడి ఒప్పించిన బట్ట. ఆఫీసరు దాన్ని తిరగేశాడు. లోపలివైపు కూడా బయటివైపులాగే ఉంది. గుడ్డ అంచులన్నీ మడతలోకి మడిచి దాచేసిన కుట్టు, ఒక్క పోగు కూడా బయటికి తొంగిచూడడం లేదు. గుండీల కాజాలన్నీ చేత్తో కుట్టినవి, గింజల్లాగా నున్నగా, వరసగా. జేబు మూలల్లో చిన్న చిన్న త్రికోణాలు, బరువుకి చిరగకుండా. ఆ పక్కనే మా కోటు తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా పడుకుని ఉంది.

"ఇది మాది కాదండీ," అంది వదిన. నోరు జారింది.

షరతులక్క వదిన మోచెయ్యి గట్టిగా గిల్లింది. సంతకం వదినది. కోటు మాది కాదంటే మోసం చేశామని ఒప్పుకున్నట్టే.

"మాదేనండీ," అంది షరతులక్క. ఇన్నేళ్ళు షరతులు చదివిన ఆ గొంతు మొదటిసారి తడబడింది. "మాదే. మావాళ్ళే కుట్టారు."

"అమ్మా, ఇలాంటిది ఇస్తామని చెప్పి అలాంటివి తెస్తే నేనేం చెయ్యను?" అన్నాడాయన. కోపంగా అనలేదు, అదే ఇంకా భయం వేసింది. "అన్నీ తీసుకెళ్ళండి. నెలాఖరులోగా ఇలాంటివి తెండి. లేకపోతే ఆర్డరు రద్దవుతుంది. మీ షాపు పేరు బ్లాక్‌లిస్టులోకి వెళ్తుంది. ఇంకెక్కడా టెండరు వెయ్యలేరు."

తిరుగుదారిలో బండిలో వెనక్కి వచ్చిన కట్టల మధ్య నేనూ వదినా కూర్చున్నాం. షరతులక్క కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది.

"నువ్వే మార్చావు వదినా. నీ గొప్ప నీకు. మాస్టర్‌తో కుట్టించి పెట్టావు."

"నేనా? నువ్వు ముట్టుకోవద్దన్నావని ఆ కవరు పక్కన తుమ్మడానికి కూడా భయపడ్డాను! ఆడపడుచు మాట వేదం అనుకున్నందుకు ఇదా నాకు?"

"మరి దానికి రెక్కలొచ్చి మారిపోయిందా?"

"ఏమో, నీ షరతుల్లో వెతుక్కో. అది కూడా ఎక్కడో రాసే ఉంటారు."

షెడ్డుకి వచ్చాక షరతులక్క నేరుగా కటింగ్ మాస్టర్ దగ్గరికెళ్ళింది. ఆయన కోటు సంగతంతా విని, కళ్ళు పెద్దవి చేసి, "చేత్తో కాజాలా? నా కళ్ళకి ఆ భాగ్యం పోయి ఎన్నాళ్ళయిందమ్మా!" అన్నాడు. అబద్ధం చెప్పే మొహం కాదు. ఒక్కొక్క మెషినే ఆగింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఒక్క మెషిన్ మాత్రం ఆగలేదు. ముందు వరస మూలన, అదే నెమ్మదితో, గట్టు మీద నుంచి కాలవలోకి ఒక్కో చుక్కా జారుతున్నట్టు నడుస్తోంది.

షరతులక్క అటు తిరిగింది. ఆవిడ మొహంలో రంగు మారడం చూశాను. నమ్మలేకపోవడం ముందు వచ్చింది. నమ్మక తప్పకపోవడం కాసేపాగి వచ్చింది.

"నువ్వా?"

మెషిన్ ఆగింది.

"నేనేనమ్మా," అంది నిదానం.

పక్కనున్న తోడికోడలి చేతిలోంచి దారపుకండె జారి నేలమీద చాలా దూరం దొర్లింది. ఎవరూ వంగి తియ్యలేదు.

"ఎందుకు? గోడమీది దానిలాగా కుడితే పోయేదిగా!"

"మీరొచ్చి అడిగారు కదమ్మా, ఇక్కడ అందరికంటే చేతకానిదెవరని. అందరూ నావైపు చూశారు. నేను ఇంటికి చేరేలోపే ఆ మాట ఇంటికి చేరింది." తోడికోడలి వైపు చూడకుండానే చెప్పింది. "ఆ పూట భోజనం వడ్డిస్తుంటే మా అత్త గరిటె లాక్కుంది. ఊరంతా తేల్చేసింది కదా, ఇంక వడ్డన కూడా నీకెందుకులే అంది. మా ఆయన నవ్వాడు."

షెడ్డు పైకప్పు రేకులు ఎండకి చిటచిటమంటున్నాయి.

"నాకు వేగం రాదు. కంగారు పెడితే చెయ్యి పని చెయ్యదు. ఎవరూ లేనప్పుడు బాగానే కుడతాను. ఒక్కటైనా నేను కుట్టినట్టు కుట్టాలనిపించింది. అది సీలు వేసి బీరువాలో పెడతారన్నారు, ఎవరూ ముట్టుకోరన్నారు. అక్కడైతే భద్రంగా ఉంటుందనుకున్నా." అప్పుడు మొదటిసారి తలెత్తింది. "మళ్ళీ తీసి చూస్తారని నాకు తెలియదమ్మా."

వదిన కొంగొత్త కోపంతో ఏదో అనబోయింది. షరతులక్క చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టి, అక్కడే ఉన్న ఖాళీ స్టూలు మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడం చూడటం నాకదే మొదలు. పేర్లు చదివిన ఆ పెద్ద గది, జోడించిన ఆ చేతులు, ఇప్పుడీ షెడ్డు, అన్నీ ఆవిడ కళ్ళలో ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. ఓడిపోయినవాళ్ళ పేర్లు చదవలేక కొలువు మానేసిన మనిషి. ఇన్నేళ్ళుగా షాపు షాపుకీ వెళ్ళి, అందరి ముందూ ఒక్కొక్కరిని నిలబెట్టి, అదే పని చేస్తూ వచ్చింది.

"ఎన్ని షాపుల్లో అడిగానో," అంది తనలో తనే.

కాసేపటికి లేచింది. "ఇంకోటి కుట్టగలవా? అందరూ చూస్తుండగా?"

"కుడతాను. కానీ వదినమ్మగారు అరవకూడదు."

"నేనెప్పుడరిచాను?" అని అరిచింది వదిన. ఆ రోజు షెడ్డులో వినిపించిన ఒకే ఒక్క నవ్వు అప్పుడే వచ్చింది. అదీ ఎంతోసేపు నిలవలేదు.

మర్నాటి నుంచి మెషిన్ల చప్పుడు మారిపోయింది. అన్నీ నిదానం మెషిన్‌లాగే నడవడం నేర్చుకున్నాయి. తిరిగొచ్చిన కోట్లన్నీ విప్పారు. వేగంగా కుట్టేవాళ్ళకే మొదట్లో ఆ కుట్టు లొంగలేదు. అంచు లోపలికి మడిచే దగ్గర చెయ్యి ఉరుకుతుంది, ఉరికితే గుడ్డ ముడుచుకుంటుంది. తోడికోడలు ఒక మడత ఎన్నిసార్లు విప్పిందో ఆమెకే తెలియాలి. చివరికి తన మెషిన్‌ని కిర్రుమంటూ పక్కకి లాక్కొచ్చి, "చూపించక్కా," అంది. నిదానం చూపించింది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పితే బాగుండునన్నట్టుంది తోడికోడలి మొహం. కాజాల పని వదిన, కటింగ్ మాస్టర్ కలిసి తీసుకున్నారు. ఆయనకి సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం కూడా వదిన పనే.

నెలాఖరుకి అన్నీ అవలేదు. అవుతాయని ఎవరూ అనుకోలేదు. అయినంతవరకు తీసుకుని మళ్ళీ వెళ్ళాం. ఆఫీసరు బీరువాలోని కోటు తీసి, ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూశాడు. ఆయన వేళ్ళు కుట్టుమీద నడుస్తుంటే షరతులక్క పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేకుండా. ఉంది, ఉంది, ఉంది.

తెచ్చినవి తీసుకున్నాడు. మిగిలిన సగం ఆర్డరు ఇంకో షాపుకి మార్చేశారు. పేరు మాత్రం బ్లాక్‌లిస్టులోకి ఎక్కలేదు. షెడ్డు తలుపులు మూతపడలేదు, కానీ వెనక వరసలో కొన్ని మెషిన్లమీద మళ్ళీ గుడ్డలు కప్పారు. వస్తూ వస్తూ, ఆ సీలు తీసిన కోటుని తిరిగి ఇచ్చేయమని నిదానం తరఫున అడిగింది వదిన. అది సర్కారు ఆస్తి, ఇవ్వడం కుదరదన్నాడాయన. కొత్త సీలు వేసి మళ్ళీ బీరువాలో పెట్టాడు. షెడ్డుకి వచ్చి చెబితే, నిదానం ఆ మాట విని మళ్ళీ కుట్టులో పడింది. సాయంత్రం దాకా ఆమె మొహం లోపల దీపం పెట్టిన కాగితంలా ఉంది.

ఇప్పుడు షరతులక్క ఏ షాపుకెళ్ళినా ఆ ప్రశ్న అడగదు. తయారైన సరుకు కుప్ప దగ్గర నిలబడి, కళ్ళద్దాలు తీసేసి, కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి పెడుతుంది. చేతికి ఏది తగిలితే అదే శాంపిల్. ఎవరు చేశారని అడగదు.

నేను సెలవు తీసుకునే రోజు మెట్ల దాకా వచ్చింది. కింద జిరాక్స్ మెషిన్ తిరుగుతోంది, మెట్టు గోరువెచ్చగా ఉంది. పైన గదిలో వడ్రంగి వాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"ఆ అమ్మాయిని ఏమని రాస్తారు?" అని అడిగింది.

"నిదానం అనే."

"రాయండి. చేతకానిది అన్న మాట మాత్రం నాదని రాయండి. మా వదిన నెత్తిన వెయ్యకండి, అసలే ఆవిడ ఊరుకోదు."